పదమూడు అనే జవాబు

పాసో దెల్ సెయిబో,
20 జూన్ 2024

హెబెర్ మామయ్యకు,

నువ్వు క్షేమంగా ఉన్నావని అమ్మ చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు మోంతెవిదెయో ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, రిటైరైన మర్నాడే ఇంట్లో కంప్యూటర్‌ను పక్కింటివాళ్ళకు దానం చేసిన మహానుభావుడివి. నీకు ఈమెయిల్ పంపడం దండగ. ఫోన్ చేస్తే "వినపడట్లేదే" అంటావు, అప్పు అడగడానికి చేశాననుకుంటావు కాబోలు. అందుకే ఈ కవరు బస్సులో పార్సిల్ చేస్తున్నాను. త్రెస్ క్రూసెస్ బస్టాండు దాకా నడిచి తెచ్చుకో, కాళ్ళకు మంచిది.

మే 28న మా సెయిబో వాగు పొంగిన సంగతి టీవీలో చూసే ఉంటావు. కొండల మీద వాన పడితే మూడు గంటల్లో ఊళ్ళోకి వచ్చే వాగు ఇది. దానికి హెచ్చరిక ప్రోగ్రాము రాసిచ్చింది నువ్వే, 2009లో. గట్టు మీద కాపలా గదిలో ఓ చిన్న డబ్బా, నిమిషానికోసారి వాగు లోతు చదువుతుంది, నాలుగు మీటర్లు దాటితే సైరన్ మోగిస్తుంది. ఆ రోజు వాగు రెండుంపావుకు నాలుగు మీటర్లు దాటింది. సైరన్ మోగింది మాత్రం నాలుగింటికి. ఇటుకబట్టీల పేట జనం అప్పటికే ఇళ్ళ కప్పుల మీద కూర్చుని ఉన్నారు. నడుము లోతు నీళ్ళలో ఆ మోత వినడం గొప్ప అనుభవమట.

ఇప్పుడు విచారణ. నేరస్తుడు ముందే దొరికాడు, ఇక నేరం నిరూపించడమే తరువాయి. గేజి కాపలాదారు దెల్మార్ తెచేరా. ఒంటిగంటకు భోజనం చేసి, సైరన్ ఆపేసి కునుకు తీశాడనీ, నాలుగింటికి లేచి ఏమీ ఎరగనట్టు మళ్ళీ వేశాడనీ మున్సిపాలిటీ వకీలు అల్సీరా పింతోస్ గారి కథ. ఎనిమిది నెలల్లో పెన్షన్ రావలసిన మనిషి. ఉద్యోగం పోతే అదీ పోతుంది.

మున్సిపాలిటీ కంప్యూటర్ విభాగం మొత్తం నన్నే విచారించి చెప్పమంది. మొత్తం విభాగం అంటే నేనొక్కదాన్నే. నీ ప్రోగ్రాము అసలు ప్రతి ఇక్కడ ఎవరి దగ్గరా లేదు. నీ దగ్గరుంటే పంపు.

నీ మేనకోడలు,
యనినా


మోంతెవిదెయో,
27 జూన్

యనినాకు,

నడిచి తెచ్చుకున్నాను. పార్సిల్ కౌంటరు పిల్ల నా గుర్తింపు కార్డు చూసి "తాతా, ఇది గడువు తీరిపోయింది" అంది. నేనూ అంతేనని చెప్పాను.

అసలు ప్రతి లేదు. ఇల్లు మారినప్పుడు పోయింది. అయినా నీకు నేను నేర్పిన విద్య ఎందుకుంది? ఏ ప్రోగ్రామూ సొంతంగా వేలు కూడా కదపలేదు. ఫైలు తెరవాలన్నా, చదవాలన్నా, కాసేపు నిద్రపోవాలన్నా యంత్రం పెత్తనమంతా చేసే కెర్నెల్‌ను అడిగి తీరాలి. ఆ విన్నపాలనే సిస్టమ్ కాల్స్ అంటారు, పరీక్షలో రాశావు కూడా, వందకు డెబ్బై ఒకటి వేశాను. పక్కన నిలబడి అది ఏమడిగిందో, ఏం జవాబొచ్చిందో వరసగా రాసుకో. లోపల ఏం రాసుందో చదవక్కర్లేదు.

ఒక్క సంగతి. ఆ డబ్బాలో ఉన్నది నీ బల్ల మీది ప్రాసెసర్ కాదు, మిప్స్ అనే వేరే రకం. అప్పట్లో చవగ్గా వచ్చింది. దాని పద్ధతులు దానివి. ఆ డబ్బాలో జాడ తీసే పరికరం ఏదీ లేదు, నువ్వే చిన్నది రాసుకో. సైరన్ తీగ పీకేసి చెయ్యి, లేకపోతే ఊరంతా మళ్ళీ కప్పులెక్కుతుంది. పొద్దున్నే చెయ్యి, బుర్ర చురుగ్గా ఉంటుంది.

హెబెర్


పాసో దెల్ సెయిబో,
11 జులై

మామయ్యా,

డెబ్బై ఒకటి కాదు, డెబ్బై ఎనిమిది. సరిదిద్దుకో.

పొద్దున్నే కుదరలేదు. పొద్దున పన్ను కట్టేవాళ్ళ వరసలో ప్రింటరు ఏడుస్తుంటే ఓదార్చాలి. ఆఫీసు ఒంటిగంటకు మూసేశాక గట్టెక్కాను. దెల్మార్ తెచేరా గది బయట బండమీద కూర్చుని మాతే ఆకుల టీ తాగుతున్నాడు. లోపలికి రావడానికి ఆయనకు అనుమతి లేదు, సస్పెన్షన్. పదిహేనేళ్ళు తుడిచిన గది కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు.

"ఏం అమ్మాయీ, ఆ డబ్బా నామీద చాడీలు చెబుతోందా?"

"అది ఎవరికీ ఏమీ చెప్పదు, దెల్మార్. మనమే చాటుగా వినాలి."

"నేనూ చాలా ఏళ్ళు విన్నాను. ఫ్యాను గొణుగుడు తప్ప ఏమీ లేదు. మీ మామయ్య నలుగురు మనుషులంత మాట్లాడతాడు గానీ దానికి నోరు పెట్టడం మర్చిపోయాడు."

నిజమే. చేసిన పనులు రాసిపెట్టుకునే లాగ్ ఫైలు ఒక్కటీ లేదు. నీ పద్ధతి అది.

జాడ తీసే ప్రోగ్రాము రాశాను. మొదటి రోజంతా ప్రతి కాల్ నంబరూ నాలుగు వేల పైన వచ్చింది. 4005, 4003, 4166. పిచ్చెక్కింది. తర్వాత గుర్తొచ్చింది, మిప్స్‌లో లెక్క నాలుగు వేల నుంచి మొదలని. "దాని పద్ధతులు దానివి" అని ఊరుకోకుండా ఆ ఒక్క ముక్కా రాసి ఉంటే నీ సిరా అయిపోయేదా?

వాగు మట్టంతో పాటు లేచే తేలుడు బుర్రను చేత్తో నాలుగున్నర మీటర్ల మీదికి ఎత్తి కట్టేశాను. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన వరస ఇది. లోతు చదివింది. సైరన్ ఫైలు తెరవమని అడిగింది, దాని లెక్కలో సైరన్ కూడా ఓ ఫైలే. జవాబు 13. తర్వాత నిమిషం నిద్ర. మళ్ళీ చదువు, మళ్ళీ తెరువు, మళ్ళీ 13.

తెరవమన్నప్పుడు ఏ అంకె వస్తే అది తెరుచుకున్న ఫైలుకు గుర్తు కదా. అంటే పదమూడో గుర్తుతో సైరన్ తెరుచుకుంది. కానీ ఆ తర్వాత దానిలోకి ఏమీ రాయలేదు. తెరిస్తే చాలా, సైరన్ మోగుతుందా? అలాగైతే ప్రోగ్రాము తన పని చేసిందన్నమాట, తీగ దగ్గర ఎవరో ఆపారన్నమాట. ఆ ఎవరో బయట బండ మీద కూర్చుని నాకు మాతే ఇచ్చాడు. నాకిది నచ్చలేదు. నేను చదివింది సరైందేనా చెప్పు.

యనినా


మోంతెవిదెయో,
18 జులై

యనినాకు,

డెబ్బై ఎనిమిదే కావచ్చు. ఆ రోజు నాకు దయ కలిగి ఉంటుంది.

ఇక్కడ నాలుగు రోజులుగా సముద్రపు గాలి. పై అంతస్తు ఆవిడ వాన చినుకు పడగానే తోర్తా ఫ్రీతా రొట్టెలు వేయించి మెట్లంతా నూనె వాసన చేస్తోంది, నాకు మాత్రం ఒక్కటీ ఇవ్వదు. డాక్టరు మోకాలికి ఇంకో మందు రాశాడు. పాత మందు పని చేయనందుకు కొత్తది కూడా అదే కంపెనీది.

నువ్వడిగినదానికి. కొన్ని పరికరాలకు తెరవడమే ఆజ్ఞ. ఏళ్ళు గడిచాయి, నాకు వివరాలు గుర్తులేవు. అంకెలు నీ ముందున్నాయి, చదువుకున్న దానివి, నీకు తోచింది రాయి. ఆ కాపలాదారు మంచివాడే కావచ్చు. భోజనం చేశాక కన్ను మూతపడడం పెద్ద నేరమేమీ కాదు.

హెబెర్


పాసో దెల్ సెయిబో,
30 జులై

ప్రొఫెసర్ లారోసా గారికి,

మామయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ ఉత్తరం నమ్మి 22న పింతోస్ గారికి రెండు పేరాల నోటు ఇచ్చాను. "ప్రోగ్రాము సైరన్‌ను తెరిచింది" అని. ఆవిడ ఎంత సంతోషించిందంటే నాకు కుర్చీ చూపించింది. మూడేళ్ళలో మొదటిసారి. సాయంత్రానికి ఊరంతా పాకింది. దెల్మార్ వీధిలో ఎదురై టోపీ తీశాడు. "నువ్వు కూడానా, అమ్మాయీ?" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఇటుకబట్టీల పేట నుంచి రమోనా సిల్వెయిరా వచ్చింది. దర్జీ పని చేసుకునే ముసలామె. ఆఫీసు మధ్యలో నిలబడి గట్టిగా అడిగింది:

"ఆయన నిద్రపోయాడని రాసింది నువ్వేనా? రెండున్నరకు నా తలుపు పగలగొట్టినంత పని చేసిందెవరు? సైకిలు గోడకు పడేసి, 'రమోనా, లేవవే, వాగొస్తోంది' అని అరిచిందెవరు? నిద్రలో నడిచొచ్చాడా?"

సైరన్ మోగకపోవడం చూసి సైకిలెక్కి ఇంటింటికీ తిరిగాడు, మామ— ప్రొఫెసర్ గారూ. పింతోస్ గారు ఆ ముక్కను కూడా వాడుకుంది, కాపలా స్థలం వదిలి వెళ్ళాడని. అంటే నిద్రపోయాడు, సైకిలు మీద కూడా తిరిగాడు. చాలా సమర్థుడు.

అప్పుడు నా కాగితాలు మళ్ళీ తీశాను. పుట్టగానే ఏ ప్రోగ్రాముకైనా 0, 1, 2 గుర్తులు ఉంటాయి. లోతు కొలిచేదాన్ని తెరిచినప్పుడు 3 వచ్చింది. ఆ తర్వాత తెరిచేదానికి 4 రావాలి. ఖాళీగా ఉన్న అతి చిన్న అంకె ఇవ్వడం కెర్నెల్ అలవాటు. పదమూడుకు ఎలా గెంతింది?

ఈసారి సాయంత్రం ఐదింటికి వెళ్ళి అదే పరీక్ష చేశాను. సైరన్ తెరవమంది, జవాబు 4. వెంటనే 4లోకి రాసింది. తీగ పీకి ఉండబట్టి ఊరు బతికింది.

నా బల్ల మీది ప్రాసెసర్‌లో పని కాకపోతే జవాబు సున్నా కంటే తక్కువ వస్తుంది. మిప్స్‌లో అలా కాదు. జవాబు ప్రాసెసర్ లోపల అంకెలు దాచే ఒక రిజిస్టర్‌లో, పని కాలేదనే జెండా వేరే రిజిస్టర్‌లో. జెండా ఎత్తి ఉంటే ఆ పదమూడు గుర్తు కాదు, కారణం. పదమూడో కారణం, అనుమతి లేదు. నేను రాసిన జాడ ప్రోగ్రాము ఆ జెండాను చూడనే లేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను.

కానీ ఇది మీరు 2016లో నాకు పాఠం చెప్పారు. "ప్రోగ్రాము ఆ జెండా చూసుకోకపోతే?" అని నేనడిగితే "అలాంటి ప్రోగ్రాము రాసేవాడు ఈ తరగతిలో కూర్చుని ఉండొచ్చు" అన్నారు, అంతా నవ్వారు. నా ఉత్తరంలో పదమూడు చూసిన క్షణంలోనే మీకు తెలుసు.

అనుమతి ఎవరు తీస్తున్నారా అని వెతికాను. రోజువారీ పనుల పట్టికలో రెండు లైన్లు. ఒంటిగంటకు సైరన్ ఫైలు మీద అనుమతి తీసెయ్యి. నాలుగింటికి మళ్ళీ ఇవ్వు. పైన ఒక వ్యాఖ్య: "తాత్కాలికం, ఒక వారం. హె.లా. జనవరి 2011."

పొద్దున్నే చెయ్యమన్నారు. బుర్ర చురుగ్గా ఉంటుందన్నారు.

యనినా బెంతాన్‌కూర్


పాసో దెల్ సెయిబో,
5 ఆగస్టు

ప్రొఫెసర్ గారికి,

కవరు అందినట్టు పార్సిల్ కౌంటరు రసీదు వచ్చింది, మీ సంతకంతో. కాబట్టి వినపడలేదనడానికి లేదు. విచారణ ఆగస్టు 20న.

యనినా


మోంతెవిదెయో,
8 ఆగస్టు

యనినాకు,

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. నాలుగింట్లోనూ నేను చాలా తెలివిగా కనిపించాను.

2011 జనవరిలో గుర్రపుడెక్క గుబురొకటి తేలుడు బుర్ర కింద చేరి దాన్ని ఎత్తేసింది. వరసగా మూడు రోజులు భోజనాలయ్యాక సైరన్ మోగింది, వాగు మాత్రం చీలమండ లోతు. అప్పటి మేయరు ఫోన్ చేశాడు. "దోన్ హెబెర్, మా అత్తగారికి గుండె జబ్బు. మధ్యాహ్నం ఆవిడ పడుకునే వేళ దాని నోరు మూయించండి. ఒక్క వారం. ఈలోగా వాగు శుభ్రం చేయిస్తాను" అన్నాడు. ఇంటి నుంచే డబ్బాలోకి వెళ్ళి రెండు లైన్లు రాశాను. మాతేకు పెట్టిన నీళ్ళు ఇంకా మరగలేదు, అంత చిన్న పని. ఆయన వాగు శుభ్రం చేయించాడు. నేను లైన్లు తీయలేదు.

మర్చిపోయానని రాయవచ్చు. ఐదేళ్ళు నిజంగానే మర్చిపోయాను. నువ్వు తరగతిలో ఆ ప్రశ్న అడిగినప్పుడు గుర్తొచ్చింది. అందుకే అంత వెటకారం చేశాను. ఇంటికెళ్ళి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఆ నెలలో విభాగాధిపతి పదవికి నా పేరు పరిశీలిస్తున్నారు. ఒక ఊరి సైరన్ ఐదేళ్ళుగా రోజుకు మూడు గంటలు చచ్చి ఉందనీ, చంపింది నేనేననీ ఫోన్‌లో చెప్పాలి. వాగు సరిగ్గా ఆ మూడు గంటల్లోనే ఎందుకొస్తుందిలే అనుకున్నాను. పదవి వచ్చింది. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది.

నా ప్రోగ్రాము జెండా చూడకుండా లేదు. చూసింది. తలుపు తెరుచుకోలేదని దానికి తెలుసు. ఎవరికీ చెప్పకుండా, ఇంకో నిమిషం ఆగి చూద్దామని పడుకుంది. అది అలా రాసింది నేనే.

నీ నోటు సంగతి చదివాక ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నిస్తున్నాను. నేనెప్పుడూ చూడలేదు ఆయన్ని. 2009లో తాళాలు ఇచ్చింది ఆయనేనేమో, గమనించలేదు.

ఈ ఉత్తరం పింతోస్ గారికి ఇవ్వు.

హెబెర్


పాసో దెల్ సెయిబో,
12 ఆగస్టు

మామయ్యా,

ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి, "మేనమామ మేనకోడలికి రాసిన ఉత్తరం, ఏముంది ఇందులో, ఎవరైనా రాయించుకోవచ్చు" అంది. పట్టికలోని పొడి అక్షరాలు కూడా తెచేరాయే టైపు చేసి ఉండొచ్చట. దెల్మార్ రెండు వేళ్ళతో ఫోన్ నంబరు కొట్టడానికే పావుగంట తీసుకుంటాడు.

నా మొదటి నోటు తప్పని రాతపూర్వకంగా ఇచ్చాను. ఇప్పుడు నాకు కుర్చీ లేదు.

నువ్వే రావాలి. బస్సు పొద్దున ఆరున్నరకు బయల్దేరుతుంది. మోకాలికి మందు తెచ్చుకో. గుర్తింపు కార్డు కొత్తది చేయించుకో, లేకపోతే నువ్వు నువ్వే కాదంటుంది పింతోస్ గారు.

యనినా


మోంతెవిదెయో,
26 ఆగస్టు

యనినాకు,

బస్సులో పది గంటలు. మోకాలు నన్ను ఇంకా క్షమించలేదు. క్షమించనివాళ్ళ జాబితాలో అది ఆఖరిది.

నువ్వు సాక్షివి కాబట్టి నన్ను పిలిచినప్పుడు నిన్ను బయట కూర్చోబెట్టారు. లోపల జరిగింది రాస్తాను. పింతోస్ గారు అడిగింది, "ప్రొఫెసర్ గారూ, ఈ రెండు లైన్లూ తెచేరా రాసి ఉండకూడదా?" అని. "ఆయన రాసి ఉంటే ఇంతకంటే బాగా రాసేవాడు, మేడమ్. తీసేసే తేదీ కూడా రాసి, ఆ రోజు తీసేసేవాడు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. పాత మేయరు పంపిన కాగితం చదివారు. ఆయనకేమీ గుర్తులేదట. ఆయన తెలివితేటలు నాకు మొదటినుంచీ తెలుసు.

తర్వాత ఆ దర్జీ ఆవిడ లేచింది. మాట్లాడే వంతు ఆమెది కాదు, అయినా ఎవరూ ఆపలేకపోయారు.

"అయ్యా, నా మిషన్లు మూడూ బురదలో ఉన్నాయి. ఒక్క మాట చెప్పు. ఆ అత్తగారు ఇంకా ఉందా?"

"లేదమ్మా. 2013లో పోయింది."

"మరి పదకొండేళ్ళు ఎవరి నిద్ర కోసం?"

ముప్పై నాలుగేళ్ళు ప్రశ్నాపత్రాలు తయారు చేశాను. అంత చిన్న ప్రశ్న ఒక్కటీ వేయలేదు. చేతిలో టోపీ తిప్పుతూ నిలబడ్డాను.

తెచేరా నా వైపు ఒకసారి చూశాడు. మెట్ల దగ్గర ఆగాను, ఆయన పక్కనుంచి వెళ్ళిపోయాడు. నువ్వు బస్సు దాకా వచ్చావు, నీకు నా కృతజ్ఞత. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

కాలేజీవాళ్ళు గౌరవాచార్య బిరుదు వెనక్కి తీసుకుంటున్నట్టు లేఖ పంపారు. రెండు అచ్చుతప్పులున్నాయి. దిద్దకుండానే ఉంచుకున్నాను.

ఫలితం వస్తే రాయి. ఆయన ఏమైనా అంటే అది కూడా రాయి, ఎలాంటిదైనా సరే.

హెబెర్


పాసో దెల్ సెయిబో,
5 సెప్టెంబరు

మామయ్యా,

ఫలితం వచ్చింది. దెల్మార్ నిర్దోషి. సోమవారం నుంచి ఉద్యోగంలోకి, పెన్షన్ యథాతథం. ఆయనకు క్షమాపణ చెప్పలేదు, "సస్పెన్షన్ కాలాన్ని సెలవుగా పరిగణించడమైనది" అని ఉత్తర్వు ఇచ్చారు. వంద రోజులు హాయిగా సెలవు అనుభవించాడన్నమాట. పాత మేయరుకు ఏమీ కాలేదు, నువ్వూ అనుకుని ఉండవు.

రెండు లైన్లు తీసేశాను. సైరన్ తెరుచుకోకపోతే నా ఫోనూ, దెల్మార్ ఫోనూ, అగ్నిమాపక కేంద్రం ఫోనూ మోగేలా చేశాను. దెల్మార్ ఆఫీసుకు వచ్చి అంతా విన్నాడు.

"అమ్మాయీ, నువ్వు బాగానే రాసుంటావు. మీ మామయ్య కూడా బాగానే రాశాననుకున్నాడు. డబ్బా మళ్ళీ నోరు మూసుకుంటే?" అని జేబులోంచి చేత్తో గీసిన పటం తీశాడు. ఇటుకబట్టీల పేట. తొంభై ఆరు తలుపులు, ఇంటికో చుక్క. "ఆ రోజు అరవై ఒకటి కొట్టగలిగాను. మిగతావాటికి వాగే ముందు చేరింది. ఇద్దరుంటే అన్నీ అయ్యేవి."

ఊళ్ళో అభ్యాసం పెట్టమంటున్నాడు. సెప్టెంబరు 14, శనివారం, మధ్యాహ్నం రెండింటికి. సైరన్ మోగదు. ఇద్దరు మనుషులు, రెండు సైకిళ్ళు, తొంభై ఆరు తలుపులు, ఎంతసేపు పడుతుందో చూడాలి. వీధికి కుడి వైపు ఆయన. ఎడమ వైపు ఎవరని అడిగాను.

"మీ మామయ్యకు సైకిలు తొక్కడం వచ్చా?" అన్నాడు.

వెటకారమో కాదో నాకు తెలియలేదు. ముఖం చూసి చెప్పలేం ఆయన సంగతి. అడిగిన ప్రశ్న నీకు చేరవేస్తున్నాను.

యనినా


మోంతెవిదెయో,
10 సెప్టెంబరు

యనినాకు,

వచ్చని చెప్పు. ఇరవై ఏళ్ళయింది తొక్కి. మొన్న పై అంతస్తు ఆవిడ మనవరాలి సైకిలు అడిగి తీసుకుని సముద్రపు ఒడ్డున తొక్కాను. రెండుసార్లు పడ్డాను. రెండోసారి ఒక కుక్క జాలిపడి పక్కన కూర్చుంది. ఆవిడ ఎట్టకేలకు ఒక తోర్తా ఫ్రీతా ఇచ్చింది, కాల్చిన బూటు అట్టలా ఉంది, తిన్నాను.

శుక్రవారం బస్సుకు టికెట్ తీశాను. ఎడమ వైపు తలుపుల మీద పేర్లు రాసిన పటం బస్టాండుకు తెమ్మని ఆయనతో చెప్పు. ఎవరి తలుపు కొడుతున్నానో పేరు పెట్టి పిలవాలి కదా. రమోనా గారి ఇల్లు ఎడమ వైపే ఉంటే, దాన్ని నాకే ఉంచమను. ఆవిడ తలుపు తీస్తుందో లేదో నాకు తెలియదు. తీసేదాకా కొడతాను.

హెబెర్